హాల్లో పాట తేటగా వినిపించాలంటే ఏ స్పీకర్లు కొనాలి?

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లె. హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. కింద నాపరాయి, పైన శ్లాబు. పదేళ్ల కిందట కొన్న 5.1 హోమ్ థియేటర్ ఉంది. సినిమాకు దడదడలాడుతుంది గానీ, పాట పెడితే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈ మధ్య ఏమీ పెట్టకపోయినా ‘గుయ్’మంటోంది. నాన్నగారి దగ్గర కచేరీల సీడీలు చాలా ఉన్నాయి, ఆయన వాటిని హాయిగా వినాలని నా కోరిక. టీవీ, ఫోను కూడా దానికే కలపాలి. 30 వేలు దాటలేను. అంగట్లో ‘5000 వాట్లు’ అంటూ నిలువెత్తు టవర్ స్పీకర్లు చూపిస్తున్నారు. తీసుకోవచ్చా? లేక పాత సెట్‌కే మంచి స్పీకర్లు రెండు తగిలిస్తే సరిపోతుందా?

జవాబు: టవర్లు వద్దు. పాత సెట్‌కు కొత్త స్పీకర్లు తగిలించడమూ వద్దు. మీ హాలుకు, మీ నాన్నగారి సీడీలకు కావలసినవి మూడు: 5 అంగుళాల ఊఫరు (కింది, మధ్య స్వరాలు పలికేది), విడిగా ట్వీటరు (పై స్వరాలు పలికేది) ఉన్న చిన్న స్పీకర్ల జత, దానికి వేరుగా ఒక స్టీరియో యాంప్లిఫయర్, నేల మీద మందపాటి పరుపు. 30 వేలల్లో 18 నుంచి 20 వేలు స్పీకర్లకే పెట్టండి. యాంప్లిఫయర్‌కు 7, 8 వేలు చాలు. మిగిలింది వైరుకు, స్టాండ్లకు, పరుపుకు.

ముందు పాత సెట్‌లో గొంతు ఎందుకు అలా వినిపిస్తుందో చెప్తాం, కొత్తవి ఎంచుకునేటప్పుడు అదే పనికొస్తుంది. ఇలాంటి సెట్లలో గోడకు తగిలించే చిన్న పెట్టెల్లో సాధారణంగా 3 అంగుళాల కోను ఒక్కటే ఉంటుంది. 150, 200 హెర్ట్జ్‌కు కింద అది పలకలేదు. ఆ కిందిదంతా సబ్‌ఊఫరుకు మళ్లిస్తారు. మగవారి గొంతు మూలస్వరం సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. అంటే పాడేవారి గొంతు అడుగుభాగం సోఫా పక్కనున్న సబ్‌ఊఫరు నుంచి, పైభాగం గోడ మీది పెట్టెల నుంచి వస్తోంది. ఒకే గొంతు రెండు చోట్ల నుంచి ముక్కలై వచ్చేసరికి మాటకు ఒళ్లు ఉండదు. పాత సెట్ వెనక సాకెట్లకు మంచి స్పీకర్లు తగిలించినా చాలా సెట్లలో ఆ సాకెట్లకు కింది స్వరాలు కోసేసే పంపుతారు కాబట్టి, 18 వేల స్పీకరు కూడా అక్కడ పల్చగానే పలుకుతుంది.

‘గుయ్’ సంగతి. సెట్‌కున్న ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి ఆన్ చేయండి. అప్పుడూ మోగితే లోపల పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. మన ఎండలకు, మూసిన షోకేసులో పెట్టడం వల్ల అవి త్వరగా పోతాయి. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం వేయమని మెకానిక్‌కు చెప్పండి. వైర్లు పీకగానే ఆగిపోతే తప్పు సెట్‌ది కాదు. కేబుల్ టీవీ లేదా డిష్ వైరు గుండా ఎర్త్ రెండు దారుల్లో తిరుగుతోంది. అది కొత్త సెట్‌కూ పట్టుకుంటుంది, దానికి మందు కింద చెప్తాం. బాగుచేయించిన పాత సెట్‌ను పడగ్గది టీవీకి వాడుకోండి.

ఇక 5000 వాట్లు. అది పీఎంపీఓ అనే లెక్క, దానికి కొలత అంటూ ఏదీ లేదు. అంగట్లోనే ఆ పెట్టెను వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గరున్న లేబుల్ చదవండి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ పక్కన ఎన్ని వాట్ల కరెంటు తింటుందో రాసి ఉంటుంది. 60 వాట్లు తినే పెట్టె నిలకడగా 60 వాట్లకు మించి బయటికి ఇవ్వలేదు. మీరు చూడవలసింది ఆర్ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇచ్చే వాట్లు), అదీ ఎన్ని ఓమ్‌ల స్పీకరుకు అన్నది. స్పీకరుకైతే వాట్లకంటే సెన్సిటివిటీ ముఖ్యం: ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నది. 87 డెసిబెల్స్ ఉన్న జతకు ఒక్క వాటు ఇస్తేనే మీ హాల్లో కూర్చున్న చోట 80 దాటుతుంది, పక్కవారితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. మృదంగం దెబ్బ, తనియావర్తనం (లయవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) లాంటి చోట్ల అంతకు 15 డెసిబెల్స్ పైకి లేచినా 30 వాట్లు చాలు. 84 డెసిబెల్స్ స్పీకరు తీసుకుంటే అదే శబ్దానికి రెట్టింపు, 60 వాట్లు కావాలి. అందుకే 86కు తక్కువున్నవి వదిలేయండి.

టవర్లు ఎందుకు వద్దంటున్నామంటే రెండు కారణాలు. ఒకటి, ఈ ధరలో పెద్ద పెట్టె కొంటే డబ్బు చెక్కకు, అట్టపెట్టెకు, లారీ బాడుగకు పోతుంది; లోపలి ఊఫరు, ట్వీటరు, వాటికి స్వరాలను పంచే క్రాసోవర్ నాసిగా మిగులుతాయి. రెండోది మీ హాలే. గదిలో ఎదురెదురు గోడల మధ్య కొన్ని కింది స్వరాలు పేరుకుపోయి బూమ్‌మంటాయి. 565ను గోడల మధ్య దూరంతో, అడుగుల్లో, భాగిస్తే ఆ స్వరం తెలుస్తుంది. మీ పొడవు 14కు 40 హెర్ట్జ్. వెడల్పు 10కి 56. ఎత్తు కూడా 10 కాబట్టి మళ్లీ అదే 56. రెండు ఒకేచోట పడ్డాయి, అంటే 56 దగ్గర మీ హాలు తనంతట తానే రెట్టించి పలుకుతుంది. ఆ చోట బలంగా వాయించే టవరును తెచ్చిపెడితే మృదంగం ఎడమవైపు నాదమంతా ఒకే ‘డుమ్’ అయిపోతుంది. 5 అంగుళాల ఊఫరున్న చిన్న స్పీకర్లు చాలావరకు 55, 65 హెర్ట్జ్ దగ్గరే తగ్గిపోతాయి. ఆ తగ్గింది గది పూరిస్తుంది. వేరే ఇంట్లో ఇది లోపం కావచ్చు, మీ హాల్లో లాభం.

హాలు గురించి ఇంకొంచెం చెప్పాలి. మన ఇళ్లలో నున్నటి నాపరాయి, సిమెంటు గోడలు, శ్లాబు, అన్నీ శబ్దాన్ని వెనక్కి కొట్టేవే. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ‘టప్’ తర్వాత సన్నగా, రేకు కదిలినట్టు ‘ర్ర్ర్’ వినిపిస్తే, ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా మాటలు ఒకదానిపై ఒకటి పడతాయి. పల్చటి జంపఖానా ఒక్కటే పరిస్తే ‘స’కారాలు మాత్రం కొంచెం మెత్తబడతాయి, గొంతు మధ్యభాగం అలాగే మోగుతుంది. ఆదోని వైపు నుంచి వచ్చే దూదితో కుట్టించిన 2, 3 అంగుళాల పరుపు, 4 × 6 అడుగులది, స్పీకర్లకు మీకు మధ్య నేల మీద వేసి దానిపై జంపఖానా పరవండి. తేడా ఆ రోజే తెలుస్తుంది. పక్క గోడల మీద ఎక్కడ ఏమి వేలాడదీయాలో కనిపెట్టడానికి ఒక అద్దం చాలు: మీరు కూర్చోండి, ఇంకొకరు అద్దాన్ని గోడ వెంబడి జరుపుకుంటూ పోవాలి. అద్దంలో స్పీకరు ట్వీటరు కనబడిన చోటే శబ్దం తగిలి మీ దగ్గరికి వస్తోంది. అక్కడ పుస్తకాల అర గానీ, మందపాటి గుడ్డతో కుచ్చులుగా, గోడకు నాలుగైదు అంగుళాలు ఎడంగా తెర గానీ పెట్టండి. తెర గుడ్డ వెడల్పు కప్పాల్సిన చోటుకు రెట్టింపు ఉండాలి, సాగదీసి కడితే పని చేయదు. గుడ్ల అట్టలు, థర్మకోల్ అంటించమని ఎవరైనా చెబితే వినకండి. శబ్దానికి అవి చేసేది దాదాపు శూన్యం, నిప్పు తగిలితే మాత్రం ప్రమాదం.

స్పీకర్లు. ఈ తరగతిలో వార్ఫ్‌డేల్ డైమండ్ వరుస, దాలి స్పెక్టర్ వరుస, పోల్క్, కోల్‌కతా సంస్థ సోనోడైన్ చూడదగ్గవి. మోడళ్లు, ధరలు నెలనెలా మారతాయి, పండగల అమ్మకాల్లో బాగా తగ్గుతాయి, కాబట్టి పేరుకంటే గుణాలు గుర్తుపెట్టుకోండి. 5 లేదా ఐదుంబావు అంగుళాల ఊఫరు, అంచున నురుగు (ఫోమ్) కాకుండా రబ్బరు. 1 అంగుళం సిల్క్ డోమ్ ట్వీటరు. 6 లేదా 8 ఓమ్‌లు. 86 డెసిబెల్స్ పైన. ఒక్కో పెట్టె 4 కిలోలకు తగ్గకుండా. మెటికతో పెట్టె పక్కన తట్టితే ‘ఠక్’మని ఆగిపోవాలి, డొల్లగా మోగకూడదు. గాలి పోయే రంధ్రం ముందువైపు ఉంటే మీకు మేలు, మీ హాల్లో వాటిని గోడకు మరీ దూరంగా పెట్టలేరు. వెనకవైపు రంధ్రమున్నది నచ్చితే గోడకు కనీసం 6 అంగుళాల జాగా వదలండి. అప్పటికీ బూమ్‌మంటే ఒక నూలు సాక్సును చుట్టి ఆ రంధ్రంలో దూర్చండి. ఖర్చు లేదు, బాస్ బిగుస్తుంది.

కొనే ముందు వినే వీలుంటే తప్పక వినండి. కడపలో విడి స్టీరియో స్పీకర్లు వినిపించే దుకాణాలు దొరకడం కష్టం. చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో వేరే పని మీద వెళ్లినప్పుడు నాన్నగారి సీడీలు రెండు సంచిలో వేసుకుని పోండి. దుకాణం వారు పెట్టే డప్పుల మోత, గాజు గ్లాసుల గలగల వినకండి, అవి ఏ స్పీకరులోనైనా గొప్పగానే ఉంటాయి. ఘంటసాల నాటి పాత మోనో (రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళ్లే) రికార్డింగు ఒకటి పెట్టించండి. గొంతు రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యలో, ఒక మనిషి నిలబడ్డట్టు రావాలి. వెడల్పుగా పరుచుకుంటే ఆ జతలో రెండూ ఒకేలా లేవు, లేదా ఒకదానికి వైరు తిరగబడింది. తర్వాత ఆడగొంతు, వయొలిన్ ఉన్న కచేరీ. ‘స’, ‘ష’, ‘చ’ దగ్గర ఈల వేసినట్టు చెవికి గుచ్చుకుంటే అది నాలుగు రోజుల్లో విసిగిస్తుంది. ‘ప’, ‘బ’, ‘ద’, ‘ధ’ తేడా తెలియకపోతే మధ్యస్వరాలు డొల్ల. చవక స్పీకర్లలో చాలావాటికి ఇదే జబ్బు: కొనేవాడిని ఆకట్టుకోవడానికి అడుగు, పై స్వరాలు పెంచి మధ్యను వదిలేస్తారు. మన సంగీతమంతా ఆ మధ్యలోనే ఉంది. చివరగా నాదస్వరం, వాల్యూము కొంచెం పెంచి. రెండు జతలు పోల్చేటప్పుడు ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి రెంటినీ ఒకే డెసిబెల్‌కు తేవాలి; ఒకటి కాస్త గట్టిగా మోగినా అదే మేలైనదనిపిస్తుంది.

యాంప్లిఫయర్ లోపలే ఉన్న పవర్డ్ స్పీకర్లు కూడా ఈ ధరలో దొరుకుతాయి, ఎడిఫయర్ లాంటివి. వైర్ల గోల తక్కువ, డబ్బు కొంచెం ఆదా. అయినా మీకు విడివిడిగానే కొనమంటున్నాం. వోల్టేజి ఎక్కువ తక్కువయ్యే ఊళ్లలో ముందు పోయేది యాంప్లిఫయర్ బోర్డే. అది స్పీకరులోనే ఉంటే విడిభాగం కోసం పెట్టెనంతా బయటి ఊరి సర్వీస్ సెంటరుకు పంపాలి. విడిగా ఉంటే ఆ చిన్న డబ్బా ఒక్కటి మార్చుకుంటారు, స్పీకర్లు ఇరవై ఏళ్లు అలాగే ఉంటాయి.

8 వేలలోపు వచ్చేవి ఎక్కువగా క్లాస్-డి రకం (తక్కువ వేడితో పనిచేసే) చిన్న డబ్బాలు. టీపీఏ3116 చిప్ ఉన్నవి 24 వోల్టుల అడాప్టరుతో 8 ఓమ్‌ల స్పీకరుకు 25, 30 వాట్లు శుభ్రంగా ఇస్తాయి. పెట్టె మీద 100 అని రాసి ఉన్నా నమ్మకండి, మీకు కావలసింది ఎలాగూ 30. అడాప్టరు మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే వోల్టేజి తగ్గినా స్టెబిలైజరు అక్కర్లేదు. వీటితో ఒక జాగ్రత్త: రెండు స్పీకర్ల నలుపు వైర్లను ఎక్కడా కలపకూడదు. ఈ చిప్‌లలో నలుపు కూడా ఎర్తు కాదు, కలిస్తే చిప్ కాలిపోవచ్చు. ఇంకో సంగతి, బాస్, ట్రెబుల్ గుండీలు రెండూ ఆఖరు దాకా తిప్పకండి. 10 డెసిబెల్స్ బాస్ పెంచితే ఆ స్వరాలకు పది రెట్లు వాట్లు కావాలి. అంత లేని యాంప్లిఫయర్ శబ్దపు తలలు నరికి పంపుతుంది, దాంతో ముందు పోయేది ట్వీటరు. గరగరలు మొదలైతే వెంటనే వాల్యూము తగ్గించాలి.

వైరుకు ఎక్కువ పెట్టవద్దు. ఇంటి వైరింగు సామాన్ల అంగట్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల, సన్నపోగుల రాగి వైరు చాలు. ఒక్కో స్పీకరుకు 5 మీటర్లు వేసినా రానుపోను కలిపి దాని నిరోధం సుమారు 0.12 ఓమ్ మాత్రమే. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దనండి. కొసలు మెలిపెట్టి బిగించండి, ఒక్క పోగు పక్క స్క్రూకు తగిలినా షార్ట్ అవుతుంది.

టీవీ శబ్దాన్ని ఆప్టికల్ సాకెట్ (శబ్దాన్ని వెలుగుగా పంపేది) నుంచి తీసుకోండి. చిన్న యాంప్లిఫయర్లలో ఆ ఇన్‌పుట్ ఉండకపోవచ్చు, అప్పుడు ఆప్టికల్‌ను ఎరుపు తెలుపు పిన్నులకు మార్చే డీఏసీ డబ్బా ఒకటి కొనాలి. ఆప్టికల్ దారంలో కరెంటు పోదు, కాబట్టి డిష్ వైరు ద్వారా వచ్చే ‘గుయ్’ దారి అక్కడే తెగిపోతుంది. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని శబ్దానికి) మార్చడం మరవకండి. డాల్బీలో వదిలేస్తే డీఏసీకి అర్థం కాక శబ్దమే రాదు, జనం డబ్బా పాడైందని వెనక్కి పంపేది చాలాసార్లు ఇందుకే. టీవీకి బ్లూటూత్ వాడితే పెదవులకు, మాటకు తరచూ పొంతన కుదరదు. ఫోను పాటలకు అది బాగానే ఉంటుంది. సీడీలకు ఇంట్లో మూలనున్న పాత డీవీడీ ప్లేయర్ చాలు, పాడకపోతే లెన్సు తుడిపించి చూడండి. ఆకాశవాణి కడప 900 కిలోహెర్ట్జ్ వినాలనుకుంటే, మీడియం వేవ్‌లో 5 వేల హెర్ట్జ్‌కు పైన దాదాపు ఏమీ రాదు. రేడియో మొద్దుగా ఉందని కొత్త స్పీకర్లను అనుమానించకండి.

అమరిక ఇలా. 10 అడుగుల గోడ వైపు టీవీకి అటూ ఇటూ, ఒకదానికొకటి 6 అడుగుల దూరంలో. పక్క గోడకు 2 అడుగులు, వెనక గోడకు అడుగున్నర. ఈ రెండు దూరాలు, నేల నుంచి ఎత్తు, మూడూ ఒకటే కాకుండా చూడండి, ఒకటైతే ఒకే స్వరం దగ్గర శబ్దం బాగా తగ్గి గుంట పడుతుంది. మీ కుర్చీ స్పీకర్లకు 7 అడుగుల్లో, మీ వీపు వెనకున్న గోడకు 4, 5 అడుగులు ఎడంగా. సోఫాను గోడకు ఆనించారో, 40 హెర్ట్జ్ మోత మెడ మీదే ఉంటుంది. ట్వీటరు చెవి ఎత్తులో రావాలి: కుర్చీలో కూర్చుంటే నేల నుంచి 36, 38 అంగుళాలు, నాన్నగారు చాప మీద కూర్చుని వింటే 30. గోడలోని నాపరాతి అరల్లోకి తోయకండి, ఆ గూడంతా స్పీకరుతో పాటు మోగుతుంది. తప్పనిసరైతే ముఖం అర అంచుకు సమంగా తెచ్చి, చుట్టూ ఖాళీలో పాత దుప్పట్లు కుక్కండి.

స్టాండ్లు కొనవద్దు, ఇక్కడ చేయించుకోవడమే మేలు. అడుగు చదరం, అంగుళంన్నర మందం నాపరాయి ముక్క 9 కిలోల పైనే తూగుతుంది, అంతకంటే కదలని అడుగు ఎక్కడా దొరకదు. ఎర్రగుంట్ల బండలు అమ్మే ఎవరైనా కోసిస్తారు. వెల్డింగు షాపులో రెండున్నర అంగుళాల చదరపు పైపును 26 అంగుళాలకు కోయించి, కింద మీద ఇనుప రేకులు అతికించి, రాతికి బోల్టులు వేయించండి. పైపులో జల్లించిన పొడి ఇసుక నింపితే మోగదు. స్పీకరు కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు.

ఇంటి ఎర్తింగు ఒకసారి చూపించండి. వేసవిలో నేల ఎండి ఎర్త్ గుంత పనిచేయడం మానేస్తుంది, దాంట్లో నీళ్లు పోస్తుండాలి. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకాలి. దుమ్ముకు పెయింటు బ్రష్షు చాలు, తడిగుడ్డ గానీ వాక్యూమ్ క్లీనరు గానీ ఊఫరు దగ్గరికి రానివ్వకండి.

వాడినవి తక్కువలో వస్తే కాదనకండి, కానీ మల్టీమీటరు తీసుకుపోండి. 8 ఓమ్‌ల స్పీకరు వైరు కొసల దగ్గర సుమారు 5.5 నుంచి 7 చూపాలి, 6 ఓమ్‌లదైతే 4 నుంచి 5.5. ఏమీ చూపకపోతే ఊఫరు కాయిలో, క్రాసోవరో తెగింది. ఊఫరును నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కితే గీసుకున్న చప్పుడు రాకూడదు. అంచు నురుగును గోటితో తాకితే పొడి రాలితే బేరం మూడో వంతు తగ్గించమనండి, కొత్త అంచు వేయించాలి. ట్వీటరును మాత్రం వేలితో ముట్టకండి, ఒక్కోటీ విడిగా పలుకుతోందో లేదో చెవి పెట్టి వినండి.

కొత్తవి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేది వీడియో తీయండి, అట్ట, థర్మకోల్ వాపసు గడువు దాటేదాకా పారేయవద్దు. మొదటి రోజే ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్లును రెండు వైర్ల కొసలకు క్షణం తాకించండి. ప్లస్ ఎరుపుకు తగిలినప్పుడు రెండు ఊఫర్లూ ముందుకే రావాలి. ఒకటి లోపలికి పోతే దాని వైరు తిరగబడింది, సరిచేసుకోండి. తర్వాత ఫోనులో 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోను యాప్ పెట్టి తక్కువ వాల్యూములో వినండి. ఎక్కడైనా ‘బుర్ర్’మంటే ముందు కిటికీ రెక్కలు, షోకేసు అద్దాలు పట్టుకుని చూడండి. అవి కాదని తేలి, చప్పుడు స్పీకరులోంచే వస్తుంటే, ఆ గడువులోపే ఆ జతను రెండూ కలిపి మార్పించుకోండి. ఒక్కటే మార్చి ఇస్తామంటే ఒప్పుకోకండి, వేరే విడతలోది జత కుదరకపోవచ్చు. బిల్లు మీద రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీలో పంపాల్సి వస్తే కొరియరు ఖర్చు ఎవరిదో ముందే అడిగి, ఆ మాట బిల్లు మీదే వేయించుకోండి.